సర్పశాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్

స్కాట్లండు దేశీయుడైన పాట్రిక్ రస్సెల్ వైద్యుడు; అలెప్పో నగరంలో ప్లేగు రోగులకు చికిత్స చేసినవాడు. 1781లో సోదరుని వెంట బయలుదేరి విశాఖపట్నంలో నివసించాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు.

పాముకాటు నాడు ప్రాణాంతకమైన సమస్య. విషసర్పాన్ని సామాన్యుడు గుర్తించే లక్షణమేది? పొట్ట మీది, తోక మీది పొలుసులను లెక్కించి పాములను వర్గీకరించడం లిన్నేయస్ పద్ధతి. ఆ లెక్క విషాన్ని తెలుపజాలదని గ్రహించిన రస్సెల్ కోరలను పరీక్షించాడు. అనేక సర్పాలు విషరహితాలని తేల్చాడు.

స్థానికులు పలికిన పేర్లనే ఆయన గ్రంథస్థం చేశాడు. అందువల్లనే ‘బంగారు పాము’ అన్న తెలుగు మాట లాటిన్ వేషం ధరించి, ‘బంగారస్’ అనే కట్లపాముల ప్రజాతి నామమైంది. ఎంత చిత్రం!

1796లో సర్పగ్రంథం, 1803లో విశాఖ తీరపు 200 చేపల గ్రంథం వెలువడ్డాయి. 1805లో లండన్‌లో మరణించాడు. రక్తపింజర శాస్త్రీయ నామం ‘డబోయియా రస్సెలి’ ఆయన పేరు మీద ఏర్పడినదే.