బ్రౌన్ దొర చెవి

మన బడిలో చదివినవాళ్ళలో అక్షరాలు కూర్చే పనిలో పడ్డవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగితే, నా పనికి ఆసరాగా నిలిచిన నిఘంటువు రాసినాయన గురించే రాస్తానన్నాను. ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మన వెలిగొండలకు అవతల, కడపలో కొలువు చేసిన దొర.

1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. పద్నాలుగేళ్ళైనా నిండకముందే తండ్రి పోయాడు. కంపెనీ ఉద్యోగం సంపాదించి 1817లో మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1820లో కడప చేరాడు. వేమన పద్యాలు చేతికి వచ్చాక ఇక ఆగలేదు. తాటాకు ప్రతులు పోగుచేశాడు, పండితులకు సొంత జీతంలోంచి డబ్బిచ్చి పాఠాలు సరిచూయించాడు. జీతం చాలక అప్పులు చేశాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు.

1832-33లో గుంటూరు సీమలో జనం ఆకలికి రాలిపోతుంటే దాన్ని కరువనే రాశాడు. పైవాళ్ళకు ఆ మాట రుచించలేదు, కొరత అంటే చాలనుకున్నారు. 1834లో ఉద్యోగం పోయి లండను వెళ్ళాడు. అక్కడా ఊరుకోకుండా ఇండియా హౌస్‌లోని దక్షిణాది రాతప్రతులకు పట్టిక తయారుచేశాడు. 1837లో తిరిగి వచ్చాడు. ఉన్నదాన్ని ఉన్న మాటతోనే అనాలన్న ఆ పట్టుదల తెలిస్తే, 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు సగం అర్థమైనట్టే.

చలి, చుక్క, జొన్న. ఒకసారి పైకి అనండి. చలిలోని చ, చేజర్లలోని చే ఒకటి కావు. ఒకటి దంత్యం, రెండోది తాలవ్యం. (మన ఊరిపేరులో జ ఏదో మీరే పలికి చూసుకోండి.) బళ్ళో రెండింటికీ ఒకే అక్షరం దిద్దాం. ఇంట్లో విని పెరిగినవాళ్ళం గనుక ఇబ్బంది లేదు. పుస్తకంలో చూసి నేర్చుకునేవాడి గతేమిటి? నేను వాడే కూర్పు 1903లో మద్రాసులో సవరించి వేసింది. అందులో దంత్యాలకు తలమీద చిన్న గుర్తు పెట్టి ౘ, ౙ అని వేరుగా చూపారు.

ఇక కంప్యూటరు సంగతి. ప్రపంచంలోని అక్షరాలకు తలా ఒక అంకె ఇచ్చే పట్టిక యూనికోడ్. 1991లో మొదటి కూర్పులోనే తెలుగు చేరింది గాని ఈ రెండూ లేవు. అంకె లేని అక్షరం యంత్రానికి లేనట్టే. నిఘంటువును ఎక్కించాలంటే ౘను మామూలు చగా మార్చుకోవాలి. అంటే బ్రౌన్ చెవి పట్టుకున్న తేడాను మన చేత్తోనే చెరిపేయాలి. 2008లో వచ్చిన 5.1 కూర్పులో ౘకు 3160, ౙకు 3161 దక్కాయి. నిఘంటువు వెలువడిన 156 ఏళ్ళకు!

ఇలాంటిదే అమెరికాలోనూ జరిగింది. బ్రౌన్ కడపకు వచ్చిన మరుసటేడే, 1821లో, సీక్వోయా అనే చెరోకీ మనిషి తన భాషకు లిపి పూర్తిచేశాడు. మొదట 86 అక్షరాలు, ఒకటి వాడుక తప్పి 85 మిగిలాయి. ఆ తప్పిపోయినదానికి 2015లో, 8.0 కూర్పులో చోటిచ్చారు. మన పాత శాసనాల్లోని ౚ చేరిందీ ఆ కూర్పులోనే.

ఇవాళ ఫోను తెలుగు చదివి వినిపిస్తోంది. పిల్లలు ఆ గొంతు వింటూ పెరుగుతున్నారు. రాతలో ఒకే చ ఉంటే, ఎక్కడ ఎలా పలకాలో దానికెవరు చెప్పాలి? మాస్టర్లు దీన్ని ఆలోచించాలని నా మనవి.

బ్రౌన్ ఆరోగ్యం చెడి 1855లో కొలువు మానుకున్నాడు. లండన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం తెలుగు చెప్పాడు. పెళ్ళి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న అక్కడే కన్నుమూశాడు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పూనుకుని నిలబెట్టిన గ్రంథాలయం ఉంది. ఆ వైపు వెళ్ళినప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళండి.