శామీర్‌పేటను ప్రపంచానికి పరిచయం చేసిన ఆచార్య ఎస్‌.సి.దూబే

హైదరాబాద్: గ్రామ సమాజ అధ్యయనంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అంతర్జాతీయ గుర్తింపు తెచ్చిన ఆచార్య శ్యామాచరణ్ దూబే 1922 జూలై 25న నేటి మధ్యప్రదేశ్‌లో జన్మించారు. కమార్ గిరిజనుల జీవనంపై పరిశోధన చేసిన ఆయన, అనంతరం ఉస్మానియాలో సమాజశాస్త్ర అధ్యాపకులుగా చేరారు.

1951-52లో విశ్వవిద్యాలయం చేపట్టిన సామాజిక సేవా విస్తరణ కార్యక్రమంలో భాగంగా వ్యవసాయ, పశువైద్య, వైద్య, విద్యా విభాగాల వారితో కూడిన బృందం తార్నాక చెంతనున్న ప్రాంగణం నుంచి శామీర్‌పేటకు తరలివెళ్లింది. గ్రామస్థులకు సేవలందిస్తూనే అక్కడి కుల, కుటుంబ, ఆర్థిక స్థితిగతులను నమోదు చేసింది. ఈ కృషి ఆధారంగా దూబే రచించిన 'ఇండియన్ విలేజ్' గ్రంథం 1955లో వెలువడింది.

ఉత్తరప్రదేశ్‌లో సమాజ వికాస పథకం అమలును పరిశీలించి, 1958లో 'ఇండియాస్ చేంజింగ్ విలేజెస్' వెలువరించారు. పథకం ఫలాలు అధికభాగం పలుకుబడి గల సంపన్న రైతులకే చేరాయని అందులో స్పష్టం చేశారు. గ్రామస్థుల విశ్వాసాలు, అవసరాలు తెలుసుకోకుండా యంత్రాంగం చేపట్టే మార్పు నిలవదని నిరూపించారు.

అనంతరం సాగర్ విశ్వవిద్యాలయ ఆచార్యులుగా, సిమ్లాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీ సంచాలకులుగా, జమ్మూ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా సేవలందించారు. 1996లో కన్నుమూశారు.

నాటి పల్లె శామీర్‌పేట చెంతకు నేడు ఔటర్ రింగ్ రోడ్డుతో మహానగరం చేరుకుంది. నగరీకరణ వల్ల అక్కడ వచ్చిన మార్పును అంచనా వేయడానికి దూబే నమోదు చేసిన వివరాలు విలువైన ఆధారంగా నిలుస్తున్నాయి.