చీకటిని వెదకిన శాస్త్రజ్ఞుడు – వైను బప్పు

దీపం వెలిగించడం పుణ్యమని నమ్మే దేశంలో చీకటిని వెదకుతూ కొండలెక్కిన మహనీయుడొకరు ఉన్నారు. ఆయన మనాలి కల్లాట్ వైను బప్పు. 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించినా, పెరిగింది, చదివింది మన హైదరాబాదులోనే. తండ్రిగారు నిజామియా వేధశాలలో ఖగోళ శాస్త్రజ్ఞులు.

ఆ వేధశాలను 1901లో నవాబు జఫర్ జంగ్ బహదూర్ సొంత ధనంతో ఫిసల్‌బండలో నెలకొల్పారు. 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి, పిమ్మట బేగంపేటకు మార్చింది. ప్రపంచ నక్షత్ర పటం కోసం ఈ వేధశాల 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచింది. ఆనాటి బేగంపేట రాత్రులు అంతటి కార్యానికి తగినంత చీకటివి. బప్పు దుర్భిణి పట్టడం నేర్చినది ఆ ఆకాశం కిందనే. నిజాం కళాశాలలో చదువుతుండగానే, కాంతి మారుతుండే నక్షత్రాలను గూర్చి పరిశోధన వ్యాసాలు ప్రకటించారు.

హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో హార్వర్డు చేరిన ఆయన, 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నారు. అది బప్పు–బాక్–న్యూకర్క్ అనే పేర ప్రసిద్ధమయింది. 1957లో విల్సన్‌తో కలసి, నక్షత్ర వర్ణపటంలోని కాల్షియం రేఖ వెడల్పును బట్టి ఆ నక్షత్రపు నిజమైన ప్రకాశాన్ని అంచనా వేయవచ్చునని నిరూపించారు. లోకం ఆయనను వీటితోనే తలచుకొంటుంది. నా దృష్టిలో ఆయన అసలు ఘనకార్యం స్వదేశానికి వచ్చిన తరువాతిది.

పట్టణ దీపాల వెలుగు నేలమీదనే ఆగదు. పైకి పోయిన కాంతి గాలిలోని ధూళికి, నీటి ఆవిరికి తగిలి చెదరి, ఆకాశమంతటా పలుచని తెరవలె పరచుకొంటుంది. గంటల తరబడి తెరచి ఉంచిన ఛాయాచిత్ర ఫలకంపై మసక నక్షత్రాలను ఆ తెరయే మింగివేస్తుంది. దుర్భిణిని పెద్దది చేసినంత మాత్రాన ఈ బాధ తీరదు. అది నక్షత్ర కాంతితో పాటు ఈ దొంగవెలుగును కూడ పోగుచేస్తుంది. బేగంపేటకు ఈ గతియే పట్టింది. నగరం వేధశాలను చుట్టుముట్టింది. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దుర్భిణిని ఊరికి దూరంగా జాపాల–రంగాపురం వద్ద నిలుపవలసివచ్చింది.

బప్పు 1960లో కొడైకెనాల్ వేధశాలకు అధిపతియైనారు. సూర్యుని పరిశీలనకు అది మేలైన చోటే గాని, నక్షత్రాలకు మరొక స్థలం కావలసివచ్చింది. దక్షిణాకాశం బాగా కనిపించాలి, మబ్బులు తక్కువగా ఉండాలి, దీపాలు దూరంగా ఉండాలి. వెదకి వెదకి జవ్వాది కొండలలో కావలూరును ఎన్నుకొన్నారు. మన ఉర్దూ పాఠకులకు సుపరిచితమైన వాణియంబాడికి అది చేరువే. 1968లో అక్కడ 38 సెంటీమీటర్ల చిన్న దుర్భిణితో పని ఆరంభమయింది. 1972లో 102 సెంటీమీటర్లది వచ్చింది. 1977లో యురేనస్ వలయాల ఉనికిని పట్టిచ్చిన వేధశాలలలో కావలూరు ఒకటి.

అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షులుగా ఉండగానే 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో ఆయన కన్నుమూశారు. కావలూరులో తాను తలపెట్టిన 234 సెంటీమీటర్ల దుర్భిణిని చూడలేకపోయారు. 1986లో దానికి ఆయన పేరే పెట్టారు.

తరువాత కావలూరు చుట్టుపట్ల ఊళ్లలో కూడ దీపాలు పెరిగాయి. ఆయన తీర్చిదిద్దిన భారత ఖగోళభౌతిక సంస్థ, మరింత చీకటికోసం లడఖ్‌లోని హాన్లేకు, 4,500 మీటర్ల ఎత్తుకు వెళ్లింది. 2022లో ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశ రక్షిత ప్రదేశంగా ప్రకటించారు. అక్కడి గ్రామస్థులు రాత్రివేళ కిటికీలకు మందమైన తెరలు దించుకొంటున్నారు.