ఉల్లాస్‌కర్ దత్తు

మీరు బాంబూఫ్లాట్‌లో ఉంటున్నారా? అయితే చాథం వెళ్ళే పడవ మీరు ఎన్నోసార్లు ఎక్కి ఉంటారు. చాథం పక్కనే హాడో ఉంది. 1912లో హాడోలోని పిచ్చాసుపత్రికి ఒక ఖైదీని తీసుకువచ్చారు. ఆయన పేరు ఉల్లాస్‌కర్ దత్తు. ఈ పాఠంలో ఆయన జీవితాన్ని తెలుసుకుందాం. మనసుకు వచ్చే జబ్బు గురించి, జబ్బుపడిన మనిషితో మనం మెలగవలసిన తీరు గురించి కూడా ఆలోచిద్దాం.

ఉల్లాస్‌కర్ 1885లో నేటి బంగ్లాదేశ్‌లోని కాళికచ్ఛ గ్రామంలో జన్మించారు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతుండగా, బెంగాలీలను కించపరచిన ఒక ఆంగ్లేయ ఆచార్యుని కొట్టినందుకు ఆయనను కళాశాల నుండి పంపివేశారు. తరువాత ఆయన విప్లవకారులలో చేరి బాంబుల తయారీ నేర్చుకున్నారు. స్నేహితుల మధ్య పాటలు పాడుతూ, అందరినీ నవ్విస్తూ ఉండేవారు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

1908లో ఆయన అరెస్టయ్యారు. అలీపూర్ బాంబు కేసులో 1909లో ఉరిశిక్ష పడింది. అప్పీలులో దానిని ద్వీపాంతరవాస శిక్షగా మార్చి, ఆయనను అండమాన్‌లోని సెల్యులార్ జైలుకు పంపారు.

ఆ జైలుకు ఏడు రెక్కలు ఉండేవి. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క ఖైదీ. ఒకరి ముఖం ఒకరికి కనిపించకుండా, ఒకరి మాట ఒకరికి వినిపించకుండా దానిని కట్టారు. పగలు ఎద్దులా గానుగ తిప్పాలి. రోజుకు 30 పౌన్ల నూనె, అంటే సుమారు పదమూడున్నర కిలోలు తీయాలి. 1912 ఏప్రిల్‌లో ఇందుభూషణ్ రాయ్ అనే ఖైదీ ఈ బాధలు భరించలేక ప్రాణం తీసుకున్నాడు. అదే సంవత్సరం ఉల్లాస్‌కర్ ఇటుకల పనికి వెళ్ళనన్నారు. అందుకు శిక్షగా చేతులకు సంకెళ్ళు వేసి గోడకు కట్టి నిలబెట్టారు. ఒళ్ళు జ్వరంతో కాలిపోయింది. లేనివి కనిపించసాగాయి. నలుగురినీ నవ్వించిన ఆ మనిషికి మతి చలించింది. మలేరియా వల్లనే ఇలా జరిగిందని అధికారులు చెప్పారు.

ఆయనను మొదట హాడోలో ఉంచారు. అక్కడి నుండి మద్రాసు మానసిక వైద్యశాలకు మార్చారు. ఆంధ్ర ప్రాంతం ఆనాడు మద్రాసు రాజధానిలో భాగం. 1920లో ఆయన విడుదలయ్యారు.

ఆయనది ఫలానా జబ్బు అని ఈనాడు మనం పేరు పెట్టడం తగదు. అయితే లేనివి కనిపించడం, వినిపించడం స్కిజోఫ్రీనియా అనే జబ్బులో కూడా ఉంటుంది. ఆ జబ్బులో తేలికగా కనబడని మరొక కష్టం ఉంది. ఎదుటివారి ముఖం చూసి వారి మనసు తెలుసుకోవడం, మాటలోని ఉద్దేశాన్ని పట్టుకోవడం చాలామంది రోగులకు కష్టమవుతుంది. మీరు పలకరింపుగా నవ్వితే, తనను ఎగతాళి చేశారని రోగి అనుకోవచ్చు. అందుకే నలుగురిలోకి రావడం మానేస్తాడు. ఇంటివారు అది పొగరనో సోమరితనమనో అనుకుంటారు. క్రమంగా అతనితో మాట్లాడడమే మానేస్తారు. జబ్బు మనిషిని ఒంటరిని చేస్తుంది. ఒంటరితనం జబ్బును పెంచుతుంది. మందులు అవసరమే. మందులతోపాటు చేయగలిగిన పని, సూటిగా ఓపికగా మాట్లాడే మనుషులు కూడా అవసరం.

మళ్ళీ ఉల్లాస్‌కర్ కథకు వద్దాం. పిచ్చివాడని ముద్రపడిన ఆయన తన పన్నెండేళ్ళ జైలు జీవితాన్ని పుస్తకంగా రాశారు. అది 1924లో ఇంగ్లీషులో వెలువడింది. 1931లో మళ్ళీ జైలుకు వెళ్ళారు. స్వాతంత్ర్యం వచ్చాక స్వగ్రామంలో కొంతకాలం ఒంటరిగా గడిపారు. బిపిన్ చంద్రపాల్ కుమార్తె లీల ఆయనకు యౌవనం నుండి పరిచయం. ముదిమిలో, ఆమె శరీరం సహకరించని స్థితిలో ఉండగా, ఆమెను పెళ్ళాడారు. ఇద్దరూ అస్సాంలోని సిల్చార్‌లో నివసించారు. ఒకనాడు తన మనసే తనకు వశం తప్పిన మనిషి, మరొకరికి తోడుగా నిలిచారు. 1965లో ఆయన సిల్చార్‌లోనే కన్నుమూశారు.

1912లోనే మన దేశంలో ఉన్మాదుల చట్టం వచ్చింది. రోగిని బంధించి ఉంచడమే దాని ముఖ్య ధోరణి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. సమాజంలో అందరితో కలిసి జీవించే హక్కు రోగికి ఉన్నదని చెప్పింది. అయితే చట్టం పలకరించలేదు, పలకరించవలసింది మనమే. సలహా కావాలంటే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. దీనికి డబ్బు చెల్లించనవసరం లేదు.

ఆలోచించి రాయండి

1. ఖైదీలను ఒంటరిగా ఉంచేందుకు సెల్యులార్ జైలును ఎలా కట్టారు?
2. స్కిజోఫ్రీనియా ఉన్నవారు నలుగురిలో కలవలేకపోవడానికి కారణం ఏమిటి?
3. మీ వీధిలో అందరూ తప్పుకు తిరిగే మనిషి ఎవరైనా ఉన్నారా? ఆ మనిషిని రేపు మీరు ఎలా పలకరిస్తారు?