తిరిగిరాని విద్యార్థి: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

అనంతపురము పీఠభూమిలో ఏటా కురియు వాన 550 మిల్లీమీటర్లకు అటునిటుగా ఉండును. నైరుతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము కోస్తా దాటి ఇంతదూరము వచ్చునప్పటికి బలము తగ్గియుండును. వేరుసెనగ ఎండిన ఏట బెంగుళూరుకు కూలికి పోవుట ఈ సీమవారికి తరతరాల అలవాటు. ఇటీవలి దశాబ్దులలో దీనికి చదువుల వలస తోడైనది. పొలము తాకట్టు పెట్టియో, ఇంటి ఇల్లాలి నగలు బ్యాంకులో ఉంచియో బిడ్డను కెనడాలోని ఒంటారియోకో, ఆల్బెర్టాకో పంపుచున్న కుటుంబములు ఇక్కడి పల్లెలలో సైతము కలవు. మొదట విద్యార్థి, పిదప ఉద్యోగి, తరువాత స్థిరనివాసి: ఇది ఆ ప్రయాణములోని వరుస.

ఈ వరుసలో తొలి రెండు మెట్లెక్కి, మూడవ దానిపై కాలు మోపకయే, నూరేండ్ల క్రిందట ఉత్తర అమెరికాలో జీవితము గడిపినవారు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కరవుసీమ బిడ్డ కారు. 1895 జనవరి 12వ తేదీన, గోదావరి కాలువల నీరు పారు భీమవరములో జన్మించినారు. కాని నీరున్న సీమలోనూ పేదరికముండును. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యము వలన ముందుగానే ఉద్యోగము విరమించుకొన్నారు. సంసారభారము తల్లి వెంకమ్మగారిపై పడినది.

బాల్యమున సుబ్బారావుగారికి చదువుపై మనసు నిలువలేదు. పదమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని బయలుదేరినారు. దారిలోనే పట్టుబడి ఇంటికి చేరినారు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవమారు గట్టెక్కినారు. ఆ చదువు కొరకు తల్లి తన నగలు అమ్ముకొన్నది. రెండుమార్లు తప్పిన పిల్లవానిని మరల పరీక్షకు కూర్చుండబెట్టిన ఆ తల్లి పట్టుదలను ఉపాధ్యాయులు గుర్తింపదగును. ఆమె అప్పుడు విసిగియుండిన ఈ కథ అక్కడనే ముగిసెడిది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు ముగించునప్పటికి యువకుని మనసు రామకృష్ణ మఠము వైపు తిరిగినది. సన్యాసమునకు తల్లి సమ్మతింపలేదు. వైద్యము నేర్చి సేవ చేయవచ్చునను ఆలోచనతో ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరినారు. మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసాహాయ్యము చేసినారు. మూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని 1919లో సుబ్బారావుగారు వివాహమాడినారు.

గాంధీగారి పిలుపు విని విదేశీ వస్త్రము విడిచిన దినములవి. సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదికి ఖద్దరు అంగీతో వెళ్లినారు. అది ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డునకు నచ్చలేదు. వ్రాతపరీక్షలలో రాణించినను, చివరకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రము చేతికి వచ్చినది. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు యత్నించి విఫలులైనారు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రము బోధించుచు కొంతకాలము గడపినారు.

ఈ మధ్యకాలములోనే ఆయన కుటుంబమును స్ప్రూ అను వ్యాధి కబళించినది. తిన్న ఆహారము ఒంటబట్టక, విరేచనములతో, రక్తహీనతతో రోగి క్షీణించు ఉష్ణదేశపు వ్యాధి అది. సోదరులు ఇరువురు స్వల్ప వ్యవధిలో దానికి బలియైనారు. తానును ఆ వ్యాధి వాతబడి, లక్ష్మీపతిగారి చికిత్సతో కోలుకొన్నట్లు చెప్పుదురు. చేతికి వచ్చిన వైద్యవిద్యతో తన ఇంటివారినే కాపాడుకొనలేకపోయిన బాధ ఆయనను విడువలేదు. ఈ వ్యాధులకు మందు ఎక్కడ వెదకవలెనను ప్రశ్న ఆయనను హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్యపాఠశాల వైపు నడిపినది.

ప్రయాణపు ఖర్చు మామగారు కొంత కూర్చినారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాహాయ్యము చేయుటకు మాట ఇచ్చినది. ఆ నాయకరుగారు స్వయముగా వలసపోయినవారే; కోరంగి ప్రాంతము నుండి బర్మాకు వెళ్లి, రంగూనులో గడించిన ధనమును ధర్మమునకు వినియోగించినారు. ఒక వలసకారుని చెమట మరొక వలసకారుని ఓడ టిక్కెట్టుకు తోడ్పడుట ఆంధ్రదేశ చరిత్రలో ముచ్చటైన విషయము.

ఆ కాలమున ఉత్తర అమెరికా భారతీయునకు తలుపు తెరచియుంచిన ఖండము కాదు. కెనడా ప్రభుత్వము 1908లోనే ఒక వింత నిబంధన చేసినది. స్వదేశము నుండి ఎక్కడను ఆగక, ఒకే టిక్కెట్టుపై నేరుగా వచ్చినవారికే ప్రవేశము. భారతదేశము నుండి అట్టి ఓడలే లేవు. చట్టములో భారతీయుని పేరు ఎత్తకయే భారతీయుని నిలిపివేసిన ఉపాయమది. 1914లో కొమగతమారు ఓడ 376 మంది ప్రయాణికులతో వాంకూవరు రేవు చేరి, రెండు నెలలు నీటిమీదనే నిలిచి, కొద్దిమందిని మాత్రము దించి వెనుదిరిగినది. బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సు అంతకు ముందే, 1907లో, అక్కడి భారతీయుల ఓటుహక్కు తీసివేసినది. దానిని 1947లో గాని తిరిగి ఇయ్యలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములు 1917 చట్టముతో ఆసియా కూలీలను నిషేధించినవి. విద్యార్థులకు మాత్రము మినహాయింపు ఉండినది. 1923లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, భగత్‌సింగ్ థింద్ అను సిక్కు సైనికుని వ్యాజ్యములో, భారతీయులు శ్వేతజాతివారు కారనియు, అందుచే పౌరసత్వమునకు అర్హులు కారనియు తీర్పు చెప్పినది.

సుబ్బారావుగారు ఆ ఇరుకైన సందులోనుండి, విద్యార్థిగా, 1920 దశాబ్ది తొలి భాగమున బోస్టను నగరము చేరినారు. చదువుకొనవచ్చును గాని తనది కాని దేశము. పని చేయవచ్చును గాని పౌరుడు కాలేని దేశము. వైద్యుడైనను అక్కడ వైద్యము చేయుటకు అనుమతి లేదు. పొట్ట గడచుటకు పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడుగు పనివానిగా కుదిరినారు. పగలు హార్వర్డు విద్యార్థి, రాత్రి ఆసుపత్రి సేవకుడు. ఈనాడు టొరంటో దుకాణములో రాత్రిపాళీ చేయు అనంతపురము విద్యార్థికి ఈ దినచర్య కొత్తగా తోచదు.

స్వదేశములో ఆయనకు కలిగిన కుమారుడు శైశవములోనే మరణించినాడు. తండ్రి సముద్రముల ఆవల ఉండినారు.

ఉష్ణదేశ వైద్యములో డిప్లొమా పొందిన పిమ్మట సుబ్బారావుగారు హార్వర్డు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను శాస్త్రజ్ఞుని వద్ద చేరినారు. 1925లో ఇరువురు కలిసి రక్తములోను, మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతి ప్రకటించినారు. భాస్వరమునకు మాలిబ్డేటు కలిపి, తగిన ద్రవ్యముతో క్షయకరణము చేసిన నీలిరంగు పుట్టును. ఆ నీలము ఎంత చిక్కనైన భాస్వరము అంత ఎక్కువ. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యను పేర అది ప్రపంచపు ప్రయోగశాలలన్నింట వ్యాపించినది. జీవరసాయనము చదువు విద్యార్థులు ఆ పేరు నేటికిని వినుచున్నారు.

ఆ కొలమానము చేతికి రాగానే కండరములోని రహస్యము బయటపడసాగినది. కండరము ముడుచుకొనుటకు శక్తి లాక్టికామ్లము పుట్టుటవలన వచ్చునని ఆనాటి సిద్ధాంతము. ఆ పరిశోధనలకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము కూడ లభించియుండినది. ఫిస్కే, సుబ్బారావుగార్లు 1927లో కండరమునుండి ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును కనుగొన్నారు. కండరము పనిచేయునపుడు అది విడిపోవును, విశ్రమించినపుడు తిరిగి కూడును. ఇంగ్లండులోను అదే సమయమున ఇట్టి పదార్థము గుర్తింపబడినది. 1929లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా నేడు ప్రతి జీవశాస్త్ర పాఠ్యపుస్తకములోను ఉన్న ఏ.టి.పి., వెలుగుచూచినది. జర్మనీలో లోమన్ స్వతంత్రముగా దానిని అప్పుడే కనుగొన్నారు. బడిలో పరుగెత్తు బాలుని కాలిలో వ్యయమగు శక్తికి నాణెము వంటిది ఈ పదార్థము. 1930లో సుబ్బారావుగారికి హార్వర్డు పిహెచ్.డి. లభించినది.

పట్టము వచ్చినది గాని పీఠము రాలేదు. మరి పదేండ్లు అచటనే శ్రమించినను ఆయనకు శాశ్వతమైన ఆచార్యపదవి ఈయబడలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థములను గూర్చిన ఫలితములు ఫిస్కే అసూయవలన వెలుగు చూడలేదనియు, తరువాతివారు వానిని మరల కనుగొనవలసి వచ్చినదనియు, ఆ ప్రయోగశాలలోనే చదివి 1988లో నోబెల్ బహుమానము పంచుకొన్న జార్జి హిచింగ్స్ పిమ్మట సాక్ష్యము చెప్పినారు. పరాయి దేశమున నిలకడ లేని శాస్త్రజ్ఞుడు తన పేరుకొరకు పోరాడుట తేలిక కాదు. అయితే ఆయన సహజముగనే పేరుకొరకు పోరాడు స్వభావము గలవారు కారనుటయు నిజము.

1940లో ఆయన హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊరిలో లెడర్లీ మందుల సంస్థలో చేరినారు. అదే ఏట చేసిన చట్టము ననుసరించి అమెరికాలోని విదేశీయులందరును పేరు నమోదు చేయించుకొని వేలిముద్రలు ఈయవలసివచ్చినది. తుదకు ఆ దేశపు పరిశోధన కార్యమునకే నాయకులలో ఒకరైన వ్యక్తి, కాగితములమీద పరదేశిగనే మిగిలినారు.

పరిశోధనాధ్యక్షుడైన తరువాతి ఎనిమిదేండ్లలోపల జరిగిన కార్యము ఒక జీవితమునకు చాలినంతకు మించినది. మొదటిది ఫోలిక్ ఆమ్లము. దాని కథ మన దేశములోనే మొదలైనది. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928 మొదలు బొంబాయి మిల్లులలో పనిచేయు పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టుతో అది నయమగుటను గుర్తించినది. ఆ ఈస్టులోని గుణకారి ద్రవ్యమేమో తెలియలేదు. 1941లో పాలకూర ఆకులనుండి తీసినవారు, ఆకు అను అర్థము వచ్చు లాటిను మాటతో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టినారు. సుబ్బారావుగారి నాయకత్వములో లెడర్లీ బృందము దానిని శుద్ధముగా వేరుచేసి, 1945లో కృత్రిమముగా తయారుచేసినది. అది స్ప్రూ రోగులలోని రక్తహీనతకును మందైనది. సోదరులను మ్రింగిన వ్యాధికి మందు వెదకుచు ఇల్లు విడిచిన వ్యక్తి, రెండు దశాబ్దులకు పైగా తిరిగి అక్కడికే చేరినారు. నేడు అనంతపురము పల్లెలలో గర్భిణులకు ఆరోగ్య కార్యకర్తలును, బడిపిల్లలకు వారమునకొకమారు ఉపాధ్యాయులును ఇచ్చు ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లము కలిసియుండును. ఇచ్చువారిలోగాని పుచ్చుకొనువారిలోగాని ఎందరికి ఈ పేరు తెలియునో!

ఫోలిక్ ఆమ్లమును పోలి, దానిపనికి అడ్డుతగులు పదార్థములను కూడ ఆ బృందము తయారుచేసినది. అందులో ఎమినోప్టెరినును బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుగల పిల్లలకు వాడినారు. 1948లో ప్రకటించిన ఫలితములలో 16 మందిలో 10 మందికి తాత్కాలికముగా గుణము కనిపించినది. అంతవరకు ఆ వ్యాధి సోకిన పిల్లలకు గుణమిచ్చు మందన్నదే లేదు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని రక్తపు క్యాన్సరులోను, కీళ్లవాతములోను వాడుకలో ఉన్నది. బోదకాలు వ్యాధికి హెట్రజాను 1947లో వచ్చినది. కోస్తా జిల్లాలవారికి ఆ మాత్ర పరిచితము. బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుని పరిశోధనతో, టెట్రాసైక్లిను వంశమునకు తొలిదైన ఆరియోమైసిను 1948లో వెలువడినది. వీనిని ప్రకటించిన వ్యాసములలో పెక్కింట పనిచేసినవారి పేర్లున్నవి, నడిపించినవాని పేరు లేదు. వినయము గొప్పదే; కాని ఆ వినయము వలన చరిత్రకు నష్టము కలిగినదని చెప్పక తప్పదు.

1946లో అమెరికా తన చట్టము మార్చినది. ఏటికి 100 మంది భారతీయులకు ప్రవేశమును, అచట ఉన్నవారికి పౌరసత్వార్హతయు కల్పించినది. (కెనడా 1951లో ఏటికి 150 మందిని అనుమతించినది, జాతిని బట్టిగాక చదువు, వృత్తులనుబట్టి మార్కులు వేసి ఎన్నుకొను పద్ధతి 1967లో వచ్చినది. 2024 నుండి విద్యార్థి అనుమతులను ప్రావిన్సులవారీగా పరిమితము చేసినారు. తలుపు వెడల్పు ఎప్పుడును అచటివారి చేతిలోనే ఉండును.) సుబ్బారావుగారు మాత్రము పౌరసత్వము స్వీకరింపలేదు. స్వదేశమునకును తిరిగి రాలేదు. స్వాతంత్ర్యదినము నాడు ఆయన పెర్ల్ రివర్‌లోనే ఉన్నారు.

తరువాతి సంవత్సరము, 1948 ఆగస్టు 8వ తేదీన, నిద్రలోనే గుండె ఆగి ఆయన మరణించినారు. వయసు 53 సంవత్సరములు. ఆయన సహచరులు 1953లో ఒక బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టినారు. భారత ప్రభుత్వము శతజయంతి సంవత్సరమైన 1995లో తపాలాబిళ్ల విడుదల చేసినది. చదువుకొని రమ్మని సాగనంపిన శేషగిరిగారు పాతికేండ్లు ఎదురుచూచి, ఆంధ్రదేశములోనే ఆ మరణవార్త విన్నారు.