బోదకాలు మందు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

జువాలజీ ప్రాక్టికల్సులో చేపను కోసినప్పుడు పేగులో పురుగు కనబడితే మనకెంత సంబరం! రికార్డులో బొమ్మ గీసి, సంతకం పెట్టించుకుని మరచిపోతాము. కాని ఆ పురుగు ఎప్పుడు చేరిందో, సంతతి పెరుగుతోందో తరుగుతోందో చచ్చిన చేప చెప్పదు. బ్రతికున్న ప్రాణిలో పరాన్నజీవిని వెంబడించి లెక్కపెట్టడమే అసలు కష్టము. అటువంటి లెక్కలోంచే బోదకాలు మందు పుట్టింది. ఉద్దానం అంటే ఇప్పుడందరికీ కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది గాని, మన శ్రీకాకుళం బోదకాలు జిల్లాల పట్టికలో కూడా ఉన్నదే. కనుక పలాస, టెక్కలి విద్యార్థులకు ఆ మందు వెనకున్న మనిషి కథ పరాయిది కాదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. (తప్పిన మిత్రులు గమనించవలెను!) మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను తొడిగి తెల్లదొర ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట ఎల్.ఎం.ఎస్. పట్టా వచ్చింది. అన్న, తమ్ముడు ఇద్దరూ స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయారు. 1923లో మామగారి సాయంతో బోస్టన్ చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదివారు. ఫాస్ఫరసును కొలిచే ఫిస్క్–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. అంత పేరొచ్చినా అక్కడ స్థిరమైన కొలువు దొరకలేదు. 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనాగారానికి వెళ్ళిపోయారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. అప్పుడు గాని పెద్ద దేశాలకు ఈ జబ్బు మీద శ్రద్ధ పుట్టలేదనుకోండి! మనిషి ఫైలేరియా పురుగు ప్రయోగశాల జంతువుల్లో పెరగడం కష్టం. అందుచేత సుబ్బారావుగారి బృందంలోని హెవిట్ మొదలైనవారు కాటన్ ర్యాట్ అనే ఎలుకలను పట్టుకున్నారు. వాటికి సహజంగానే ఒక జాతి ఫైలేరియా ఉంటుంది. పెద్ద పురుగులు రొమ్ము కుహరంలో దాగి ఉంటాయి, పిల్లపురుగులు నెత్తుట్లో తిరుగుతాయి. చుక్క నెత్తురు తీసి, సూక్ష్మదర్శిని కింద పిల్లపురుగులను లెక్కించడం. మందు పెట్టడం. మళ్ళీ నెత్తురు, మళ్ళీ లెక్క. అంకె తగ్గకపోతే ఆ రసాయనాన్ని పక్కన పెట్టేయడమే. చివరకు పైపరజీన్ కుటుంబంలోని ఒక పదార్థంతో అంకె దిగజారింది. కుక్కలలోనూ పరీక్షించి 1947లో ఫలితాలు ప్రకటించారు. అదే డై ఇథైల్ కార్బమజీన్, వ్యాపారనామం హెట్రజాన్.

మనుషుల్లోనూ లెక్క నెత్తుట్లోనే. మన ప్రాంతపు పురుగు పిల్లలు రాత్రిపూటే పైనున్న రక్తనాళాల్లోకి వస్తాయి గనుక, ఆరోగ్య సిబ్బంది రాత్రివేళ తలుపు తట్టి వేలి చుక్క అడుగుతారు. కాలు బాగానే ఉన్నవాడికి ఇదేం గొడవ అనిపిస్తుంది. తమాషా ఏమంటే, కాలు వాచినవాడి నెత్తుట్లో పురుగే కనబడకపోవచ్చు, నిక్షేపంలా తిరిగేవాడి నెత్తుట్లో వందలు ఉండొచ్చు. దోమకు అందేది ఈ రెండోవాడి నుంచే. ముదిరిన వాపును ఈ బిళ్ళ తగ్గించదు. అది చూసి మందు పనిచెయ్యదని పారేసేవాళ్ళున్నారు. కొత్త కాళ్ళు వాయకుండా ఆపడానికే అది పంచేదని వాళ్ళకెవరూ విడమరచి చెప్పినట్టు లేదు.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే పోయారు. వయసు 53. ఓడెక్కిన తరువాత స్వదేశం తిరిగి చూడలేదు, భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలయింది. 2004 నుంచి ఏటా ఇంటింటికీ బిళ్ళలు పంచడం పెట్టారు. అందులో ఉన్నది ఎలుకల నెత్తుట్లో లెక్కపెట్టి తేల్చిన ఆ మందే.