పచ్చని నీటిలో ప్రాణాన్ని చూసిన బైజెరింక్

కంది, మినుము విత్తనాలకు పట్టించే రైజోబియం పొడి మన ఊళ్లలో చాలామందికి తెలుసు. దాని వెనుక ఉన్న శాస్త్రవేత్త మార్టినస్ బైజెరింక్ పేరు మాత్రం కొద్దిమందికే తెలుసు.

ఆయన 1851 మార్చి 16న నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో జన్మించారు. తండ్రి పొగాకు వ్యాపారం దెబ్బతిని కుటుంబం ఇబ్బందుల పాలైంది. చిన్నతనంలో తండ్రే ఇంట్లో చదువు చెప్పారు. డెల్ఫ్ట్ పాలిటెక్నిక్‌లో చేరే సమయానికి ఫీజు కట్టే స్తోమత లేదు. తండ్రి సోదరుడు ఆదుకోబట్టి ఆ చదువు సాగింది. 1877లో లైడెన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు.

1885లో డెల్ఫ్ట్‌లోని ఈస్ట్ కర్మాగారంలో ఉద్యోగంలో చేరారు. 1888లో చిక్కుడు జాతి మొక్కల వేరు బుడిపెల నుండి నత్రజని అందించే బాక్టీరియాను వేరుచేశారు. 1890లో పచ్చబడిన నీటి నుండి కంటికి కనిపించని గుండ్రటి నాచును విడిగా పెంచి, దానికి క్లోరెల్లా అని పేరు పెట్టారు. 1895లో డెల్ఫ్ట్‌లోనే ప్రొఫెసరయ్యారు. 1898లో పొగాకు తెగులుకు కారణం బాక్టీరియా కాదని, అంతకంటే సూక్ష్మమైన వైరస్ అని తెలియజేశారు. తండ్రిని నష్టపరిచిన పొగాకే కొడుక్కి కీర్తి తెచ్చింది!

ఆయన ముక్కోపి. విద్యార్థులను కటువుగా మందలించేవారట. పెళ్లి చేసుకోలేదు. 1921లో పదవీ విరమణ చేసి, 1931 జనవరి 1న కన్నుమూశారు.

సూక్ష్మజీవశాస్త్రంలో పీజీ చదువుతున్న మేము ఆయనను తలచుకోవడానికి కారణం క్లోరెల్లాయే. పుచ్చ, ఖర్బూజ నారుకు ఈ నాచు ద్రావణాన్ని జీవ ఉత్తేజకంగా వాడటంపై నేడు పరిశోధనలు జరుగుతున్నాయి. ఈ మొక్కల వేర్లు సున్నితమైనవి, కదిలిస్తే తట్టుకోలేవు. అందుకే ప్రోట్రేలలో పెంచి, వేరు చెదరకుండా పొలంలో నాటుతారు. నాచులోని అమైనో ఆమ్లాలు, హార్మోన్ల వంటి పదార్థాలు ఆ లేత దశలో వేరు పెరగడానికి తోడ్పడతాయి. మోతాదు మించితే మాత్రం ఎదుగుదల కుంటుపడవచ్చు. ఇది ఎరువుకు బదులు కాదు; ఉన్న పోషకాలను మొక్క చక్కగా అందుకునేలా చేసే ఊతం మాత్రమే. మన దేశంలో 2021లో జీవ ఉత్తేజకాలను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు.

నారు దశలో అందిన సాయం కాపు దాకా నిలుస్తుంది. బైజెరింక్‌కు ఆ సాయం తండ్రి సోదరుని రూపంలో అందింది. మా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం మేమే. మాకు ఆ సాయం ఈ హాస్టల్ రూపంలో అందింది. చదవవలసింది మాత్రం మనమే. తమ్ముళ్లారా! ఆయన కోపాన్ని వదిలేద్దాం, పట్టుదలను తీసుకుందాం. మనం నిలదొక్కుకున్నాక మరో లేత మొక్కకు ఊతమవుదాం.